కాలేజీ ఊరు బరంపురం: మనవాళ్ళు మొదటిసారి బాస్కెట్‌బాల్ చూసిన కథ

బరంపురం పేరు చెప్తే బయటివాళ్ళకి ముందు పట్టుచీర గుర్తొస్తుంది. ఆ తర్వాత అప్పడాలు, ఊరగాయలు, రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతర. మన ఇళ్ళల్లో పాతకాలం వాళ్ళు మాత్రం ఆ ఊరిని ఇంకో పేరుతో పిలిచేవారు. ఇచ్ఛాపురం, సోంపేట, మందస చుట్టుపక్కల పల్లెల్లో "కాలేజీ ఊరు ఎల్లొచ్చేం" అంటే బరంపురం వెళ్ళొచ్చామనే అర్థం. వైద్యానికి వెళ్ళినా, కోర్టు పనికి వెళ్ళినా, పెళ్ళి చీరలకి వెళ్ళినా ఊరి పేరు మాత్రం అదే.

మన కుటుంబంలో ఇప్పుడు అమెరికాలో చదువుకుంటున్న ఒక అమ్మాయి ఈమధ్య ఫోన్లో అడిగింది: "మామ్మ వాళ్ళు మొదటిసారి బాస్కెట్‌బాల్ చూసింది బరంపురంలోనటగా? అమెరికా ఆట అంత పాతకాలంలో అక్కడికి ఎలా వచ్చింది?" మంచి ప్రశ్న. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఆట ఎలా వచ్చిందో చెప్పాలంటే కాలేజీ ఎలా వచ్చిందో చెప్పాలి. కాలేజీ కథ చెప్తే గంజాం జిల్లాని రెండు ముక్కలు చేసిన 1936 సంగతి రాకుండా పోదు. అది వస్తే, మనం గీతకి ఈ పక్కన ఎందుకున్నామన్న మాట కూడా వస్తుంది. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

కాలేజీ రాకముందు, వచ్చాక

ఇప్పటి పిల్లలకి ఒక విషయం ముందే చెప్పాలి. మన పెద్దవాళ్ళ చిన్నప్పుడు గంజాం అంటే ఇప్పటి గంజాం కాదు. మద్రాసు రాష్ట్రంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న జిల్లా అది. పైన చిల్కా సరస్సు దగ్గర మొదలై, కింద చికాకోలు, అంటే ఇప్పటి శ్రీకాకుళం దాకా అంతా ఒకే జిల్లా. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో ఉండేది. ఒడియా, తెలుగు రెండూ సంతలో, కోర్టులో, బడిలో పక్కపక్కనే వినపడేవి.

అంత పెద్ద జిల్లాలో పై చదువు దొరికే చోట్లు చాలా తక్కువ. బరంపురంలో 1856లో జిల్లా స్కూలు పెట్టారు. 1878లో దాన్ని కాలేజీ స్థాయికి పెంచారు. అప్పట్లో ఎఫ్.ఏ. అనేవారు, మెట్రిక్యులేషన్ తర్వాత రెండేళ్ళ చదువు. 1893లో ఖల్లికోట రాజు హరిహర మర్దరాజు పెద్ద విరాళం ఇవ్వడంతో ఆ సంస్థకి ఆయన సంస్థానం పేరే పెట్టారు. అదే ఖల్లికోట కాలేజీ. ఇంచుమించు అదే కాలంలో దక్షిణాన విజయనగరం మహారాజా కాలేజీ, 1896 నాటికి పర్లాకిమిడి రాజావారి కాలేజీ కూడా ఉన్నాయి. అంటే ఉత్తర కోస్తాలో చదువు ముందుగా రాజుల డబ్బుతో, రాజుల పేర్లతోనే నిలబడింది. మన పల్లెల్లో వాళ్ళకి దగ్గరగా ఉన్నది బరంపురమే.

1890ల్లో బెజవాడ నుంచి కటకం దాకా రైలు దారి పడింది. అదీ పెద్ద మార్పే. ఎడ్లబండి మీద ఒక పగలూ ఒక రాత్రీ పట్టే ప్రయాణం రైల్లో పూటలో పని అయింది. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. పొద్దున్నే చద్దన్నం తిని రైలెక్కితే పని చూసుకుని దీపాలవేళకి ఇంటికి రావచ్చు. రైలు, కాలేజీ రెండూ కుదిరేసరికి బరంపురంలో బస గదులు, హోటళ్ళు, పుస్తకాల కొట్లు లేచాయి. కోర్టుపేట వైపు వకీళ్ళ ఇళ్ళు, బడా బజారు వైపు బట్టల వర్తకం. పట్టు నేసే దేవాంగులు అంతకు చాలా ముందే, గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారని వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకుంటారు. మగ్గాల ఊరు అలా కాలేజీ ఊరు కూడా అయింది.

ఈ ఊరి చదువు ఎంత దూరం తీసుకెళ్ళగలదో చెప్పడానికి మనకి ఒక మనిషి ఉన్నారు. వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో ఒక తెలుగు ఇంట్లో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు ఊళ్ళో పేరున్న వకీలు. గిరి గారు ఖల్లికోట కాలేజీలో చదివి, 1913లో న్యాయశాస్త్రానికి ఐర్లండులోని డబ్లిన్ వెళ్ళారు. 1916లో తిరిగొచ్చాక రైల్వే కార్మికుల సంఘాల్లో పని చేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. బరంపురంలో గిరి రోడ్డు మీద నడిచినప్పుడల్లా మా నాన్నగారు "ఈ రోడ్డు రాష్ట్రపతి భవనం దాకా పోయింది" అనేవారు.

పర్లాకిమిడి సంగతి కూడా మరిచిపోకూడదు. మనం ఇక్కడ రాసుకునే ఈ వాడుక తెలుగుకి నిలబడి వాదించిన గిడుగు రామమూర్తి పంతులు గారు దశాబ్దాల పాటు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవర భాష నేర్చుకుని దాని మీద పని చేసిందీ ఆ కొండల అంచునే. నలుగురు మాట్లాడే భాష పుస్తకంలోకి రావాలన్న పోరాటం ఇన్ని భాషలు కలిసే చోట పెరిగిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

బుట్ట, బంతి, మద్రాసు దారి

ఇప్పుడు ఆట సంగతి. అమెరికాలో మాసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. అక్కడ వై.ఎం.సి.ఏ. వాళ్ళు వ్యాయామం నేర్పే మాస్టర్లకి శిక్షణ ఇచ్చే బడి ఒకటి నడిపేవారు. 1891 డిసెంబరులో, చలికి బయట ఆడలేక విసుగెత్తిపోయిన కుర్రాళ్ళకి లోపల ఆడుకునే ఆట ఏదైనా కనిపెట్టమని జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారికి పని పడింది. ఆయన కెనడా మనిషి. గది పైనున్న వసారా కమ్మీకి రెండు పక్కలా పీచ్ పళ్ళు వేసే బుట్టలు కట్టించారు. కమ్మీ నేలకి 10 అడుగుల ఎత్తులో ఉండేది. అందుకే ఇప్పటికీ ప్రపంచమంతా ఆ రింగు 10 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. 13 నియమాలు రాసి గోడకి అంటించారు. మొదటి ఆటలో పక్కకి 9 మంది, ఫుట్‌బాల్ బంతితో ఆడారు. మొత్తం ఆటలో పడింది ఒక్కటే గోలు. బుట్టకి అడుగు ఉండేది కాబట్టి బంతి పడితే నిచ్చెన వేసి తియ్యాలి. ఎలాగూ ఒక్కసారే పడింది కాబట్టి నిచ్చెనకి పెద్ద పని పడలేదు.

మరుసటి ఏడాదే, 1892లో, దగ్గర్లోనే ఉన్న స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే మాస్టారమ్మ ఆడపిల్లల చేత ఈ ఆట ఆడించారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

స్ప్రింగ్‌ఫీల్డ్ బడిలో చదివినవాళ్ళు వై.ఎం.సి.ఏ. పని మీద దేశదేశాలకి వెళ్ళారు. వెళ్ళిన చోటికల్లా ఆటని కూడా పట్టుకెళ్ళారు. అలా మనవైపు వచ్చినాయన హ్యారీ క్రో బక్. 1919లో మద్రాసు చేరి, 1920లో అక్కడ వ్యాయామ విద్యకి శిక్షణ బడి మొదలుపెట్టారు. ఇప్పుడు చెన్నై నందనంలో ఉన్న వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కాలేజీ అదే. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన భారత జట్టుతో మేనేజరుగా వెళ్ళిందీ ఆయనే. 1943లో మద్రాసులోనే కన్నుమూశారు.

ఆయన బడిలో తయారైన మాస్టర్లు మద్రాసు రాష్ట్రంలోని స్కూళ్ళకి, కాలేజీలకి వెళ్ళేవారు. అంతకుముందు బడిలో వ్యాయామం అంటే డ్రిల్లు. మాజీ సిపాయి ఒకాయన వచ్చి "లెఫ్ట్, రైట్" అనిపించేవాడు, అంతే. ఈ కొత్త మాస్టర్లు వాలీబాల్, బాస్కెట్‌బాల్, పరుగుపందేలు తెచ్చారు. 1920 నుంచి 1936 దాకా గంజాం కూడా మద్రాసు రాష్ట్రంలో భాగమే కదా. మన జిల్లాకి శిక్షణ పొందిన ఆటల మాస్టారు కావాలంటే మద్రాసు వైపే చూడాలి. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి జిల్లా కాలేజీ, ఇదీ ఆ బంతి వచ్చిన దారి.

ఈ ఆట కాలేజీలకి ఎందుకు నచ్చిందో ఆలోచిస్తే తేలిక. క్రికెట్టుకి పెద్ద మైదానం, బ్యాట్లు, ప్యాడ్లు కావాలి. డబ్బున్న ఇళ్ళ ఆట అది. దీనికి గట్టిగా తొక్కిన మట్టినేల, రెండు గుంజలు, రెండు చెక్కపలకలు, రెండు ఇనప రింగులు, ఒక బంతి చాలు. సున్నంతో గీతలు గియ్యొచ్చు. పక్కకి 5 మంది చాలు. సాయంత్రం క్లాసులు అయ్యాక చీకటి పడేలోపు ఒక ఆట ముగించొచ్చు. ఎత్తుగా ఉన్నవాడికి లాభమే, కానీ చురుగ్గా కదిలేవాడు కూడా నెగ్గుకు రాగలడు. మన చెడుగుడుకి అలవాటుపడ్డ కుర్రాళ్ళకి కాళ్ళ పని ముందే తెలుసు, చేతుల పని నేర్చుకుంటే చాలు.

1936: ఒకే ఏడాదిలో రెండు సంగతులు

ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒక్కచోట చేరాలని ఉద్యమం చాలా ఏళ్ళుగా నడిచింది. 1903 నుంచి ఉత్కళ సమ్మేళనం ఆ మాటే అడుగుతూ వచ్చింది. వాళ్ళ బాధ నిజమే. బెంగాలు కింద కొందరు, మద్రాసు కింద కొందరు, మధ్యపరగణాల కింద కొందరు, ఏ చోటా వాళ్ళ భాషకి పెద్దపీట లేదు. ఇటు తెలుగువాళ్ళు 1913 బాపట్ల సభ నుంచి ఆంధ్ర రాష్ట్రం అడుగుతున్నారు. మనదీ అదే బాధ. ఇద్దరి కోరికా న్యాయమైనదే. చిక్కల్లా ఇద్దరూ కలిసి బతికే బరంపురం లాంటి ఊళ్ళకే. ఒకే వీధిలో ఒక అరుగు మీద ఒకటి, ఎదురు అరుగు మీద ఇంకొకటి మాట్లాడుతుంటే గీత ఎక్కడ గియ్యాలి?

1931లో ఓడోనెల్ కమిటీ వేశారు. వాదాలు, అర్జీలు, సభలు అయ్యాయి. చివరికి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. బరంపురం, ఛత్రపురం అటు వెళ్ళాయి. పర్లాకిమిడి ఊరితో సహా ఆ జమీందారీలో కొంత భాగం కూడా వెళ్ళింది. ఇచ్ఛాపురం, సోంపేట, మందస, టెక్కలి, చికాకోలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో ఆ ముక్క శ్రీకాకుళం జిల్లా అయింది. పర్లాకిమిడిలో జీవితమంతా గడిపిన గిడుగు వారు ఆ ఏడాదే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి 70 ఏళ్ళు దాటాయి.

కాలేజీకి కూడా ఈ గీత తగిలింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టాక ఖల్లికోట కాలేజీ దాని కింద ఉండేది. ఒరిస్సా ఏర్పడ్డాక కూడా కొన్నేళ్ళు పరీక్షలు ఆంధ్ర యూనివర్సిటీవే. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చాక అటు మారింది. ఒక తరం కుర్రాళ్ళు ఒక రాష్ట్రంలో ఉంటూ ఇంకో రాష్ట్రపు డిగ్రీ పుచ్చుకున్నారన్నమాట. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఉద్యోగం ఎటు వెతకాలి, పిల్లని ఎటు ఇవ్వాలి, ఇల్లు ఎక్కడ కట్టాలి అన్నవన్నీ దీని మీదే తేలేవి.

అదే 1936 ఆగస్టులో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ని మొదటిసారి పతకాల ఆటగా పెట్టారు. ఆట కనిపెట్టిన నైస్మిత్ గారు ముసలితనంలో అక్కడికి వెళ్ళి కళ్ళారా చూశారు. ఫైనల్ పోటీ అమెరికాకి, కెనడాకి. లోపల కాదు, బయట మట్టి కోర్టులో, జోరువానలో. బంతి నేలకేస్తే లేవలేదు. అమెరికా 19, కెనడా 8, అంతే పాయింట్లు. ఇప్పటి పిల్లలకి ఈ లెక్క నవ్వొస్తుంది. వానాకాలంలో మట్టి కోర్టు మీద ఆడినవాళ్ళకి మాత్రం నవ్వు రాదు.

మన దేశంలో పెద్దల జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో మొదలయ్యాయి. 1950లో దేశం మొత్తానికి బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఏర్పడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో కూడా ఈ ఆట ఉంది. ఆడవాళ్ళ జాతీయ పోటీలు 1952 నుంచి. మన ఇంటి కథ సరిగ్గా ఈ రోజుల్లోదే.

మామ్మ చెప్పిన ఆట

ఇక్కడి నుంచి చెప్పేది పుస్తకాల్లో దొరకదు. ఇది మామ్మ నోట విన్నది, చిన్నతాతగారు సరిచేసినది.

1950ల మొదట్లో తాతగారి కుటుంబం గీతకి ఆ పక్కన, ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో ఉండేది. మామ్మ తమ్ముడు బరంపురంలో గది తీసుకుని కాలేజీలో చదివేవాడు. పొడుగ్గా ఉండేవాడు కాబట్టి అక్కడి మాస్టారు బాస్కెట్‌బాల్‌లో పెట్టారు. బయట నుంచి ఇంకో జట్టు వస్తోంది, మీరంతా రావాలని బావగారికి ఉత్తరం రాశాడు. తాతగారికి ఆటంటే పెద్ద ఆసక్తి లేదు. కానీ అప్పటికే ఇంట్లో ఒక మాట నలుగుతోంది. బరంపురంలో బట్టల కొట్టులో వాటా ఇస్తామని చుట్టాలు పిలుస్తున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తుందని అందరూ అంటున్న రోజుల్లో పిల్లలతో ఒరిస్సా వెళ్తే వాళ్ళ చదువేం కావాలి, తెలుగేం కావాలి అని ఆయన వెనకాడుతున్నారు. ఊరు ఒకసారి చూసినట్టుంటుంది అని బయల్దేరారు. మామ్మ కూడా వస్తానంది. "ఆడోళ్ళు ఆటకెల్తారేటి?" అని పెద్దత్తగారు అడిగితే, "తమ్ముడ్ని సూడ్డానికెల్తన్నానత్తా, ఆటకి కాదు" అందట.

పాసింజరు రైల్లో దిగి, గేట్ బజారు దాకా నడిచి, ఫలహారం చేసి మైదానానికి వెళ్ళారు. మట్టి కోర్టు, చుట్టూ తాడు కట్టారు. ఒక పక్క బెంచీలు వేసి ఆడవాళ్ళని కూర్చోబెట్టారు. కాలేజీలో చదివే అమ్మాయిలు నలుగురైదుగురు ఉన్నారట. మామ్మకి అదే మొదటి వింత. రెండో వింత, కుర్రాళ్ళు మోకాళ్ళ పైకి నిక్కర్లు వేసుకుని పెద్దల ముందు తిరగడం. ఆట మొదలయ్యాక ఆమె అన్న మాట మన ఇంట్లో సామెత అయిపోయింది: "బుట్టలో బంతెయ్యడానికి ఇంతమంది పరిగెట్టాలేటి? నిచ్చెనేసి ఎడితే పోదా?" నైస్మిత్ గారి మొదటి ఆటలో నిజంగానే నిచ్చెన ఉండేదని తెలియకుండానే అందామె.

చిన్నతాతగారు చెప్పేది ఇంకోలా ఉండేది. ఆయనకి గుర్తున్నది అరుపులు. ఒకడు "కొట్టరా" అని తెలుగులో, పక్కవాడు "మార్ భాయినా" అని ఒడియాలో, ఈల ఊదేవాయన ఇంగ్లీషులో. జట్టులో ఐదుగురిలో ఎవరు తెలుగు, ఎవరు ఒడియా అన్నది ఆట చూస్తుంటే తెలియలేదు, ఆట అయ్యాక నీళ్ళు తాగుతూ మాట్లాడుకుంటుంటే తెలిసిందట. ఆ రోజు మనవాళ్ళ జట్టు ఓడిపోయింది. మామ్మ తమ్ముడు మోచెయ్యి గీరుకుపోయి వచ్చాడు. ఆమె కొంగుతో తుడుస్తుంటే, వాడి స్నేహితుడు ఒక ఒడియా కుర్రాడు పరుగున వెళ్ళి టించరు తెచ్చాడు. తెలుగులోనే, ఒడియా యాసతో, "ఏం పరవాలేదమ్మా, రేపటికి మానిపోతాది" అన్నాడు. ఆ మాట తాతగారు విన్నారు.

ఆ ఆట చూసే తాతగారు కాపురం మార్చారని నేను చెప్పను. కొట్టు వాటా ఉంది, పొలం మీద రాబడి చాలట్లేదు, అన్నదమ్ముల పంపకాలు అయ్యాయి. కారణాలు ఇంట్లో అందరికీ తెలిసినవే. కానీ రైల్లో తిరిగొస్తూ ఆయన మామ్మతో ఒక మాట అన్నారట: "ఈ ఊళ్ళో మన పిల్లలు పరాయోళ్ళవరు." మరుసటి ఏడాది సామాను బండి ఎక్కింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజు మనవాళ్ళు గీతకి ఈ పక్కన, అద్దె ఇంట్లో, రేడియోలో ఆ వార్త విన్నారు.

తర్వాత ఏమైంది

తాతగారి మాట సగం నిజమైంది. పిల్లలు పరాయివాళ్ళు కాలేదు. నాన్నగారికి ఒడియాలో నవ్వించడం వచ్చు, తెలుగులో తిట్టడం వచ్చు, ఇంగ్లీషులో అర్జీ రాయడం వచ్చు. ఊరు కూడా పెరిగింది. 1962లో మెడికల్ కాలేజీ వచ్చింది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి గారి పేరే దానికి. 1967 జనవరి 2న బరంపురం విశ్వవిద్యాలయం మొదలైంది. దాని ఆవరణకి ఒడియా మహాకవి ఉపేంద్ర భంజు పేరు మీద భంజ విహార్ అని పేరు. ఈమధ్య ఐసర్ కూడా వచ్చింది. ఖల్లికోట కాలేజీ ఇప్పుడు తానే యూనివర్సిటీ అయింది. కాలేజీ ఊరు అన్న పేరు ఇప్పుడు ఇంకా బాగా నప్పుతుంది.

మామ్మ ఆ రోజు బెంచీ మీద చూసిన అమ్మాయిల మాట కూడా ఊరికే పోలేదు. మా అత్తయ్యని శశిభూషణ్ రథ్ గారి పేరున్న ఆడపిల్లల కాలేజీలో చేర్చినప్పుడు ఇంట్లో గొడవ జరిగింది. ఆయన బరంపురం నుంచి ఒడియాలో "ఆశ" పత్రిక నడిపినాయన. "ఆటలకి కూడా పేరిస్తాను" అని అత్తయ్య అంటే తాతగారు తల అడ్డంగా ఊపారు. మామ్మ ఒక్క మాట అంది: "నేను సూసేను కదా. పడితే గీరుకుంటాది, అంతే కదా." స్మిత్ కాలేజీలో 1892లో తేలిన తగాదా మన ఇంట్లో 80 ఏళ్ళ తర్వాత అలా తేలింది.

రెండో సగం, తాతగారు భయపడిన సగం, తెలుగు సంగతి. అది అంత బాగా జరగలేదు. నాన్నగారి తరం బడిలో తెలుగు చదివింది. మా తరం ఇంట్లో పెద్దబాలశిక్షతో నేర్చుకుంది. మా పిల్లలు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోయారు. దీనికి ఒడియావాళ్ళని అనడానికి లేదు, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు కూడా ఇంగ్లీషు మీడియం వైపే నడుస్తున్నారు. గీతకి అటువైపు ఉన్న మన చుట్టాల పిల్లల సంగతీ ఇంచుమించు ఇదే. ఆ గీత ఏ భాషనీ తీసుకుపోలేదు, ఏ భాషనీ కాపాడనూ లేదు. ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడారన్నదే లెక్కకొచ్చింది.

దూరాన ఉన్న ఇంకో కాలేజీ ఊరు

అడిగిన అమ్మాయికి ఇంకో ముక్క బాకీ ఉన్నాను. నైస్మిత్ గారు 1898లో కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే చిన్న ఊరికి వెళ్ళి అక్కడి యూనివర్సిటీలో చేరారు. జట్టుకి శిక్షణ కూడా ఇచ్చారు. ఆయన లెక్క 55 గెలుపులు, 60 ఓటములు. కాన్సాస్ జట్టు గురువులందరిలోనూ గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్నది ఆట కనిపెట్టినాయనకే. 1939లో ఆ ఊళ్ళోనే పోయారు, సమాధి కూడా అక్కడే. 1955లో కట్టిన అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో ఇప్పుడు ఒక్క ఆటకి 15,000 మందికి పైగా కూర్చుంటారు. ఆయన టైపు చేయించిన ఆ 13 నియమాల కాగితాలు 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకి అమ్ముడై, ఇప్పుడు ఆ పక్కనే అద్దాల్లో ఉన్నాయి.

అమెరికాలో స్థిరపడ్డ మన ఇళ్ళవాళ్ళు పిల్లల్ని యూనివర్సిటీలో దింపడానికి వెళ్ళి, అక్కడే మొదటిసారి ఈ ఆట చూస్తున్నారు. రంగు చొక్కాలు, బ్యాండు మేళం, తెలియని అరుపులు. పక్కవాడు ఎందుకు లేచాడో తెలియక మనమూ లేవడం. అలా చూసి వచ్చినవాళ్ళు ఇదేదో మన ఇంట్లో మొదటిసారి జరిగిందనుకుంటే మామ్మని తలుచుకోండి. ఆవిడ 70 ఏళ్ళ క్రితమే కాలేజీ ఊరికి రైలెక్కి వెళ్ళి, మట్టి కోర్టు పక్కన బెంచీ మీద కూర్చుని, నిచ్చెన సలహా ఇచ్చి వచ్చింది. మీరు భయపడేదే తాతగారూ భయపడ్డారు: ఈ ఊళ్ళో మన పిల్లలు ఎవరవుతారు? తెలుగు నిలుస్తుందా?

ఆయన అనుభవం నుంచి నాకు తోచింది ఇంతే. పిల్లలు ఊరికి చెందడం ఊరు చూసుకుంటుంది. మైదానం, బడి, స్నేహితులు ఆ పని చేసిపెడతారు. తెలుగు పని మాత్రం ఊరు చెయ్యదు. అది ఇంట్లోనే జరగాలి, ఆట చూసి ఇంటికొస్తూ దారిలో చెప్పుకునే కబుర్లతో సహా.

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు మూలాలున్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. మీ పెట్టెల్లో పాత కాలేజీ జట్టు ఫోటోలు ఉంటాయి. వరసగా నిలబడ్డ కుర్రాళ్ళు, ముందు వరసలో కాళ్ళ దగ్గర బంతి, దాని మీద సుద్దతో రాసిన ఏడాది. వెనకాల పేర్లు రాసిపెట్టండి. ఎవరు తెలుగు, ఎవరు ఒడియా అన్నది అక్కర్లేదు, పేర్లు చాలు. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఇంకా ఉంటే ఈ ఆదివారమే ఫోన్ చెయ్యండి.